అడగని అప్‌గ్రేడ్, పోయిన 60 రోజులు

ఫిబ్రవరి 15, శనివారం. తెల్లవారుజామున 5.50కి కంప్యూటర్ ముందు కూర్చుంటే ఇంటర్‌నెట్ లేదు. నేను కాకినాడలో ఉండి న్యూజెర్సీలోని తెలుగు పిల్లలకు ఆన్‌లైన్‌లో తెలుగు చెబుతాను. ఇక్కడ ఉదయం ఆరైతే అక్కడ ముందురోజు రాత్రి ఏడున్నర. పిల్లలు అన్నాలు తిని వచ్చి కూర్చుంటారు. పది నిమిషాలు ఆలస్యమైతే సగంమంది ఆవులిస్తూ లేచి పోతారు. రూటర్ ఆపి మళ్లీ వేశాను. దీపాలన్నీ పచ్చగానే వెలుగుతున్నాయి, ఒక్క పేజీ తెరుచుకోదు. ఫోన్ హాట్‌స్పాట్ పెట్టుకుని ఎలాగో ఆ రోజు 'ఘ' గుణింతం గట్టెక్కించాను.

పాఠం అయ్యాక మొబైల్ డేటా మీద ఆ కంపెనీ యాప్ తెరిచి చూస్తే రెండు విషయాలు కనిపించాయి. మా ప్లాన్ పేరు మారిపోయింది. గడువు తేదీ అక్టోబరు 11 ఉండాల్సింది, ఆగస్టు 12 అని ఉంది.

ముందు నా కళ్లనే అనుమానించాను. అక్టోబరు 12న ఏడాదికి సరిపడా ఒకేసారి కట్టాం. నెలకు రూ.599 చొప్పున పన్నెండు నెలలకు 7,188, పైన 18 శాతం జీఎస్టీ, మొత్తం రూ.8,482. రసీదు ఉంది. ఇంట్లో ఏడాది డబ్బు ఒకేసారి కట్టడానికి కారణమే ధర గొడవ ఉండకూడదని.

మామయ్యగారి ఫోనులో వెతికితే అసలు సంగతి బయటపడింది. కనెక్షన్ ఆయన పేరు మీద ఉంది కాబట్టి సందేశాలన్నీ ఆయనకే వెళ్తాయి. జనవరి 27న ఒక ఎస్సెమ్మెస్ వచ్చింది, ఇంగ్లీషులో. దాని సారాంశం: మీ ప్లాన్‌ను నిలిపివేస్తున్నాం, 15వ తేదీ నుంచి మిమ్మల్ని మరింత మెరుగైన ప్లాన్‌కు మారుస్తున్నాం, 150 ఎంబీపీఎస్ వేగం, ఓటీటీలు ఉచితం, మీరు ఏమీ చేయనక్కర్లేదు. ఆయన దాన్ని ప్రకటన అనుకుని వదిలేశారు. నాకు చూపించినా నేనూ అలాగే వదిలేసేదాన్నేమో. వద్దనుకుంటే ఏం చేయాలో మాత్రం ఆ సందేశంలో ఎక్కడా లేదు.

కొత్త ప్లాన్ నెలకు రూ.799. లెక్క వేస్తే సంగతి తేలింది. మాకు ఇంకా 239 రోజులు మిగిలి ఉన్నాయి. పాత ధర ప్రకారం మిగిలిన డబ్బును కొత్త ధరతో భాగిస్తే 179 రోజులు వస్తాయి. అరవై రోజులు మాయం. మా దగ్గర కొత్తగా ఒక్క రూపాయి అడగలేదు, బిల్లు పంపలేదు. అందుకే ఎవరికీ వెంటనే తెలియదు. ఆగస్టులో నెట్ ఆగిపోయినప్పుడు 'అప్పుడే ఏడాది అయిపోయిందా' అనుకుని మళ్లీ కట్టేసేవాళ్లే ఎక్కువమంది ఉంటారని నా నమ్మకం. వద్దన్నా వడ్డించి, చేయి కడుక్కునే వేళకు లెక్క చెప్పడమంటే ఇదే.

తొమ్మిదింటికి కస్టమర్ కేర్‌కు ఫోన్ చేశాను. 22 నిమిషాలు పాట విన్నాను. తెలుగు కోసం రెండు నొక్కితే హిందీ మాట్లాడే అమ్మాయి ఎత్తింది. మర్యాదగానే మాట్లాడింది గానీ, ఖాతాదారుతో తప్ప మాట్లాడనంది. మామయ్యగారిని పిలిచి స్పీకర్ పెట్టాను. ఆయనకు ఎడమ చెవి సరిగా వినపడదు. పుట్టినతేదీ చెప్పమంటే నిజమైనది చెప్పారు. అది తప్పంది ఆ అమ్మాయి. బడిలో మాస్టారు రాసిన జూలై 1 చెప్పాక ఒప్పుకుంది. ఆయన వయసువాళ్లందరూ జూలై 1నే పుట్టారని ఆ అమ్మాయికి ఎవరు చెబుతారు!

రూటర్‌ను పదిహేను నిమిషాలు కరెంటు తీసి ఉంచి మళ్లీ పెట్టమంది. నిజంగానే నెట్ వచ్చింది. రాత్రికి రాత్రి ప్లాన్ మార్చినప్పుడు పాత లాగిన్ అలాగే వేలాడుతూ ఉండిపోతుందట. తేదీ సంగతి అడిగితే, "మేడం, మీ దగ్గర అదనంగా ఏమీ తీసుకోలేదు, ఇది అప్‌గ్రేడ్" అంది. అరవై రోజులు తీసుకున్నారు కదా అన్నాను. "అది సిస్టమ్ లెక్క" అంది. డాకెట్ నంబరు, అంటే ఫిర్యాదు నంబరు, ఎస్సెమ్మెస్‌లో వచ్చింది. సోమవారం ఉదయం ఇంకో ఎస్సెమ్మెస్ వచ్చింది: మీ ఫిర్యాదు పరిష్కారమైంది. ఎవరూ ఫోన్ చేయలేదు. తేదీ ఆగస్టు 12గానే ఉంది.

మళ్లీ ఫోన్, మళ్లీ పాట, మళ్లీ జూలై 1, కొత్త డాకెట్. ఆ రోజు నుంచి పాలవాడి లెక్క రాసే పుస్తకంలో చివరి పేజీ దీనికి కేటాయించాను. తేదీ, సమయం, ఎంతసేపు, ఎవరు ఏమన్నారు. అది ఎంత పనికి వస్తుందో అప్పటికి నాకు తెలియదు.

అసలు దెబ్బ 19వ తేదీ బుధవారం తగిలింది. నేను బ్యాంకు పని మీద బయటికి వెళ్లాను. మధ్యాహ్నం రెండింటికి ఒక కుర్రవాడు సెట్‌టాప్ బాక్స్ పట్టుకుని వచ్చాడు. కొత్త ప్లానుతో ఇది ఉచితం, ఇచ్చి వెళ్లిపోతాను, మీ ఫోనుకు వచ్చిన నంబరు చెప్పండి అన్నాడట. మామయ్యగారు చెప్పేశారు. "ఎండలో వచ్చాడమ్మా పాపం, మజ్జిగ కూడా తాగనన్నాడు, ఇంకా నాలుగిళ్లకు వెళ్లాలన్నాడు" అని నాతో అన్నారు.

ఆ ఓటీపీ సందేశాన్ని నేను సాయంత్రం చదివాను. నంబరు కింద చిన్న వాక్యం ఉంది. దీన్ని చెప్పడం ద్వారా మీరు కొత్త ప్లానుకూ, దాని నిబంధనలకూ సమ్మతిస్తున్నారు, అని.

కోపం వచ్చింది. ఆయన మీద కాదని నాకు నేను చెప్పుకున్నాను గానీ కాస్త ఆయన మీద కూడా వచ్చింది. ఎందుకంటే మామయ్యగారు దస్తావేజు లేఖరిగా సబ్ రిజిస్ట్రార్ కార్యాలయం బయట ముప్పై ఏళ్లు కూర్చున్నారు. చదివి వినిపించనిదే ఒక్కరి చేతా వేలిముద్ర వేయించలేదని గర్వంగా చెప్పుకునే మనిషి. ఆ రాత్రి నేనేమీ అనకపోయినా ఆయనకు అర్థమైంది. అన్నం సగం వదిలేసి లేచారు. అత్తయ్యగారు నా వైపు చూసిన చూపు నాకింకా గుర్తుంది.

21న యాప్‌లో బాకీ కనిపించింది: ఇన్‌స్టలేషన్ చార్జీ రూ.1,000, జీఎస్టీతో రూ.1,180. ఉచితం అన్న పెట్టెకు! మేము దాన్ని విప్పనే లేదు, టీవీ పక్కన అట్టపెట్టెలోనే ఉంది. మర్నాటి నుంచి రోజూ ఉదయం ఎనిమిదింటికి మామయ్యగారి ఫోనుకు సందేశం: మీరు బాకీ ఉన్నారు, వెంటనే చెల్లించండి, లేదంటే సేవ నిలిచిపోతుంది. ఎవరికీ పైసా బాకీ లేకుండా డెబ్బై నాలుగేళ్లు బతికిన మనిషికి ఆ మాట రోజూ పొద్దున్నే వినిపించడం నాకు డబ్బు కంటే ఎక్కువ బాధ కలిగించింది. రెండుసార్లు ఆయన "కట్టేద్దాంలే అమ్మా" అన్నారు. కట్టేదాన్నేమో కూడా. కానీ కడితే ఒప్పుకున్నట్టే కదా.

24న భానుగుడి జంక్షన్ దగ్గర మేడ మీద ఉన్న వాళ్ల కార్యాలయానికి వెళ్లాను. ఆటోకు రానుపోను రూ.120. అక్కడ ఒకే ఒక కుర్రవాడు, ముందు పదకొండుమంది. అందరిదీ ఇదే గొడవ అనుకుంటూ వెళ్లాను గానీ, వాళ్లలో నలుగురిదే ఇది. నా వంతు వచ్చేసరికి గంటా పది నిమిషాలు. అతను కంప్యూటర్ నా వైపు తిప్పి చూపించాడు. "మీ మామగారు సమ్మతి ఇచ్చేశారు మేడం, ఇక్కడ ఉంది చూడండి. పాత ప్లాన్ మా దగ్గర అసలు లేదు. నేను ఏమీ చేయలేను." అతని ముఖం చూస్తే అబద్ధం చెబుతున్నట్టు అనిపించలేదు. అతని చేతిలో నిజంగానే ఏమీ లేదు. తెర మీద సమ్మతి తేదీ, సమయం కనిపిస్తుంటే అడిగి ఫోనులో ఫొటో తీసుకున్నాను. ఎందుకు తీసుకున్నానో తెలియదు, అలవాటుగా తీశాను.

ఇంటికొచ్చి ఆ ఫొటో మామయ్యగారికి చూపించాను. కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూశారు. తర్వాత అడిగారు: "ప్లాన్ మార్చింది ఎప్పుడు?"

"పదిహేనున."

"సమ్మతి?"

"పంతొమ్మిదిన."

"మరి అమ్మేసిన నాలుగు రోజులకు సంతకం పెట్టించుకుంటే అది ఏ దస్తావేజమ్మా?"

అప్పటిదాకా నాకు తట్టలేదు. నాకే కాదు, ఆ కార్యాలయంలో కూర్చున్న వాళ్లకీ తట్టలేదు. ఆ రాత్రి ఆయన కడుపునిండా తిన్నారు.

తర్వాతి వారం రోజులు చదవడానికే సరిపోయాయి. తెలుసుకున్నవి క్లుప్తంగా చెబుతాను. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ విడి వినియోగదారుల ఫిర్యాదులు తీసుకోదు, అక్కడికి రాసి సమయం పాడుచేసుకోవద్దు. కానీ ట్రాయ్ నిబంధనలు మనకు పనికివస్తాయి. 2006లో టారిఫ్ ఉత్తర్వుకు చేసిన 43వ సవరణ ప్రకారం, ఒక ప్లానులో చేరిన రోజు నుంచి కనీసం ఆరు నెలల పాటు ధర పెంచకూడదు. మేము చేరింది అక్టోబరు 12న. ఆరు నెలలంటే ఏప్రిల్ 11 వరకు. వాళ్లు మార్చింది నాలుగు నెలల మూడు రోజులకే. రెండోది, 2012 నాటి ఫిర్యాదుల నిబంధనల ప్రకారం కంపెనీలోనే రెండు మెట్లు ఉంటాయి. మొదటిది ఫిర్యాదుల కేంద్రం. అక్కడ న్యాయం జరగకపోతే దానిపైన ఉండే అప్పిలేట్ అథారిటీకి అప్పీలు చేసుకోవచ్చు. ఫీజు లేదు, 39 రోజుల్లో తేల్చాలి. ఈ రెండో మెట్టు సంగతి కస్టమర్ కేర్ వాళ్లు నేను ఏడుసార్లు ఫోన్ చేసినా ఒక్కసారి చెప్పలేదు. అప్పిలేట్ అథారిటీ ఈమెయిల్ చిరునామా వాళ్ల వెబ్‌సైటులో అట్టడుగున, చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది.

అప్పీలు నేను, మామయ్యగారు కలిసి రాశాం. మొదటి ప్రతి ఆయన చెబుతుంటే రాశాను. అందులో "యావన్మందికీ తెలియజేయడమేమనగా" ధోరణి ఉంది, మూడు పేజీలైంది. దాన్ని ఒక పేజీకి కుదించడానికి నాకు రెండు సాయంత్రాలు, ఆయనను ఒప్పించడానికి ఇంకొకటి పట్టాయి. చివరికి మిగిలినవి తేదీలు, నాలుగు డాకెట్ నంబర్లు, 8,482 రసీదు, రెండు తేదీలు కనిపించే ఫొటోలు, రెండు కోరికలు. అరవై రోజులు తిరిగి ఇవ్వాలి, 1,180 రద్దు చేయాలి. కోపాన్ని పూర్తిగా తీసేశాను. ఒక్క వాక్యం మాత్రం ఆయన పట్టుబట్టి ఉంచారు: సమ్మతి మార్పుకు ముందు తీసుకోవాలి గాని తర్వాత కాదు.

మార్చి 3, సోమవారం పంపాను. 5న అప్పీలు నంబరుతో జవాబు వచ్చింది. మూడు నుంచి 39 రోజులు లెక్కపెడితే ఏప్రిల్ 11 వచ్చింది. మా ఆరు నెలలు నిండే రోజూ అదే. క్యాలెండరులో ఆ గడిని ఎర్రగా చుట్టి గోడకు తగిలించాం.

ఆ తర్వాత నిశ్శబ్దం. నిశ్శబ్దంతో పాటు రోజూ ఎనిమిదింటి బాకీ సందేశం.

మధ్యలో మరో విచిత్రం. మార్చి 9 నుంచి అమెరికాలో గడియారాలు గంట ముందుకు జరిగాయి. పిల్లలకు అదే ఏడున్నర కావాలంటే నేను ఐదింటికే కూర్చోవాలి. సరిగ్గా అప్పుడే, 12న తెల్లవారుజామున రూటర్ మీద ఎర్రదీపం వెలిగింది. కట్టనందుకు కోసేశారనే అనుకున్నాను, గుండె దడదడలాడింది. కాదు, వీధి చివర స్తంభం దగ్గర ఎవరో తవ్వుతూ కేబులు తెంపారు. మూడు రోజులు నెట్ లేదు. రెండు పాఠాలు రద్దు చేశాను, ఒకటి హాట్‌స్పాట్ మీద నడిపాను, డేటా ప్యాకులకే రూ.180 అయ్యాయి.

15న లైన్‌మ్యాన్ వచ్చాడు. యాభై ఏళ్లుంటాయి, నెమ్మదైన మనిషి. తీగ అతికి, చేతిలోని మీటరు పెట్టి చూసి, సిగ్నల్ మైనస్ ఇరవై రెండు, బాగుంది అన్నాడు. మైనస్ ఇరవై ఏడు కంటే పడిపోతే దీపం పచ్చగా ఉన్నా లైను ఆగి ఆగి వస్తుందట. టీ తాగుతూ మా అట్టపెట్టె వైపు చూసి నవ్వాడు. "మీరూ విప్పలేదా అమ్మా? మా కుర్రాళ్లకు రోజుకు ఇన్ని పెట్టెలు ఇచ్చి రావాలని లెక్క ఉంది. ఓటీపీ రాకపోతే ఆ రోజు కూలి కోత." ఆ కుర్రవాడు మజ్జిగ కూడా తాగకుండా పరిగెత్తింది ఎందుకో అప్పుడు అర్థమైంది.

వేగం సంగతీ ఆయనే చెప్పాడు. మాకు 150 ఎంబీపీఎస్ ఇచ్చామని వాళ్లంటున్నారు గదా, నా కంప్యూటరుకు తీగ ద్వారా చూస్తే 94 దాటడం లేదు. వాళ్లే ఇచ్చిన రూటరులో తీగ గుచ్చే రంధ్రాలు వంద వరకే పని చేసే రకం. ఇంకో రూటరు పెడితే తప్ప ఆ 150 తీగ మీద మా కంప్యూటరు దాకా రాదు. పోనీ వచ్చినా నాకెందుకు? వీడియో పాఠానికి నాలుగు ఎంబీపీఎస్ చాలు. మాకు అక్కరలేని, మాకు అందని వేగానికి మా అరవై రోజులు ఖర్చయ్యాయన్నమాట.

17న జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేశాను. అక్కడ తెలుగులోనే మాట్లాడారు, పది నిమిషాల్లో నమోదైపోయింది, ఫిర్యాదును కంపెనీకి పంపిస్తామన్నారు. రెండు రోజులకు కంపెనీ నుంచి ఒకాయన ఫోన్ చేశాడు. గొంతులో తేనె. రూ.200 జమ చేస్తాం, అప్పీలు వెనక్కి తీసుకోండి అన్నాడు. వద్దన్నాను. 300 అన్నాడు. కూరగాయల బేరంలా ఉందనిపించి ఫోన్ పెట్టేశాను.

పెట్టేశాక చేతులు వణికాయి. ఇదంతా ఎందుకు, కొండను తవ్వి ఎలుకను పట్టడం కాకపోతే, అనిపించింది. మావారు కూడా అదే అన్నారు. కొత్త ధరలో అరవై రోజులంటే జీఎస్టీతో కలిపి దాదాపు రూ.1,860, అంత మొత్తానికి ఇన్ని ఉదయాలు పాడుచేసుకోవాలా అని. ఆయనది లెక్కల బుర్ర. నాకు మాత్రం ఎనిమిదింటి సందేశం కళ్ల ముందు మెదులుతోంది.

న్యాయవాది దగ్గర పనిచేసే మా పిన్ని కొడుకు ధైర్యం చెప్పాడు. టెలికాం గొడవలు వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవంటూ కంపెనీలు చాలాకాలం వాదించాయట. 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ వాదనను తోసిపుచ్చింది, వెళ్లొచ్చంది. మనం చెల్లించిన మొత్తం ఐదు లక్షల లోపైతే కమిషన్‌లో ఫీజు కూడా లేదు. అప్పీలు తేలకపోతే అదే దారి అనుకున్నాం. ఆ మాటను అప్పీలుకు గుర్తుచేస్తూ పంపిన రెండో ఈమెయిల్‌లో ఒక్క వరుసలో రాశాను. బెదిరింపులా కాదు, సమాచారంలా.

ఉగాది మార్చి 30న వచ్చింది, అప్పీలు పంపి 27 రోజులు. పచ్చడి నోట్లో పెట్టుకుని మామయ్యగారు "ఈసారి చేదు ముందే తినేశాం" అన్నారు.

ఏప్రిల్ 8, మంగళవారం, 36వ రోజు. ఈమెయిల్ వచ్చింది, అర పేజీ ఇంగ్లీషు. తప్పు చేశామని ఎక్కడా లేదు. "ప్రత్యేక సందర్భంగా, సౌహార్దంతో" 60 రోజులు పొడిగిస్తున్నారట. ఇన్‌స్టలేషన్ చార్జీ రద్దు. పాత ప్లాన్ మాత్రం తిరిగి రాదు. అక్టోబరు 11 తర్వాత ఉండాలంటే 799 కట్టాల్సిందే. సౌహార్దం అన్న మాటను మామయ్యగారు రెండుసార్లు చదివించుకున్నారు.

10న యాప్‌లో తేదీ అక్టోబరు 11కి మారింది. ఆ ఫొటో కూడా తీసి పెట్టుకున్నాను. 11వ తేదీ ఉదయం ఎనిమిదింటికి సందేశం రాలేదు. ఆయన ఆ పూట మూడుసార్లు ఫోన్ చూసుకున్నారు.

మొత్తం లెక్క పాలపుస్తకం చివరి పేజీలో ఉంది: ఫోన్లు పదకొండు, పాటతో గడిపినది మూడు గంటలకు పైనే, ఆటోలకు 240, జిరాక్సులకు 24, డేటాకు 180, రద్దయిన పాఠాలు రెండు. అక్టోబరు దాకా ఇక్కడే ఉంటాం, తర్వాత ఏం చేయాలో ఇంకా తేల్చుకోలేదు. పక్క వీధిలోని కేబుల్‌వారు తక్కువకే ఇస్తామంటున్నారు. వాళ్ల పాత గ్రాహకులను నలుగురిని కలిసి, ఏడాదిలో ఎన్నిసార్లు ప్లాన్ మార్చారని అడిగాకే నిర్ణయం. ఏడాది డబ్బు ఒకేసారి కట్టడం మాత్రం మానేశాను. మూడు నెలలకే కడతాను, తగ్గింపు పోతే పోనీ.

అట్టపెట్టె తీసుకెళ్లడానికి వాళ్లకు ఇంకో రెండు వారాలు పట్టింది. ఏప్రిల్ 22 మధ్యాహ్నం ఫిబ్రవరిలో వచ్చిన ఆ కుర్రవాడే వచ్చాడు. ఎండ ఇంకా మండిపోతోంది. పెట్టె తీసుకున్నట్టు నమోదు చేయాలంటే ఓటీపీ చెప్పాలన్నాడు. మామయ్యగారి ఫోన్ మోగింది. ఆయన నంబరు చెప్పలేదు. కుర్చీ చూపించి, అత్తయ్యగారితో మజ్జిగ తెప్పించి, ఫోన్ ఆ అబ్బాయి చేతికిచ్చారు. "మొదటి అక్షరం నుంచి చివరి దాకా పైకి చదువు బాబూ, వింటాను" అన్నారు. ఆ అబ్బాయి ఇంగ్లీషును కూడబలుక్కుంటూ చదివాడు. అర్థం కాని చోట నేను చెప్పాను. మొత్తం విన్నాక, ఇంకోసారి చదవమన్నారు.